రెండు పటాకీలు

మామునూరు పాత రన్‌వే మీద
పొద్దు ఇంకా సరిగా లేవలేదు.
తారు పగుళ్లలో గరిక,
గరిక మీద మంచు,
ఎవరిదో బర్రె నడిచిపోయిన గిట్టల వరుస
నాలుగు బారల దూరం కనిపించి
తెల్లదనంలో ఆగిపోయింది.

ఓదెలు పెద్దబాపు తువ్వాల చెవులకు చుట్టుకుని
నా స్కూటీ వెనక నుంచి దిగాడు.
కాజీపేట రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు.
డ్రైవరు కాదు, గార్డూ కాదు.
"పట్టాల మీద పటాకీలు పెట్టేటోన్ని" అంటాడు,
పెళ్లిచూపుల్లో కూడా అట్లనే చెప్పిండట.

నా కొలువేమిటో ఆయనకు
ఏడాదిగా చెబుతున్నాను,
చెప్పలేకపోతున్నాను.

"ఇక్కడ ఒక విమానం దిగుతోందనుకో.
ఆ చివర ఇంకోటి
దారి తప్పి దీని మీదికే మళ్లిందనుకో.
టవర్‌లో మనిషి చూసి, పోల్చుకుని, మైకు నొక్కి,
పేరు పెట్టి పిలిచి, ఆగమనేలోపు
సగం రన్‌వే అయిపోతుంది.
అందుకే ఆ మాటను మేం
కాక్‌పిట్‌లోనే పుట్టిస్తున్నాం.
ప్రతి విమానం తానెక్కడున్నదీ
గాలికి చెప్పుకుంటూ ఉంటుంది.
రెండోది అది విని లెక్క కడుతుంది.
తెర మీద దారి పసుపవుతుంది, ఆపై ఎరుపు,
ఆపై ఒక గొంతు..."

"గొంతా? ఎవలది?"

కంప్యూటర్‌ది అన్నాను.
"గొంతన్నంక ఎవలదో ఒకలది అయితది బిడ్డా"
అని బీడీ వెలిగించాడు.
అగ్గిపుల్ల వెలుగులో మంచు ఒక్క జానెడు వెనక్కి జరిగింది.

"హసన్‌పర్తి దిక్కు, చలికాలం.
చెయ్యి చాపితే వేళ్లు అగుపడయి.
సిగ్నల్ కంబం ఇంకా రానేరాదు,
రెండు వందల డెబ్బై మీటర్లు ముందుగాల్నే
పట్టా మీద ఒక పటాకి కట్టాలె.
పది మీటర్లకు ఇంకోటి.
చక్రం ఎక్కంగనే ఢాం!
డ్రైవర్‌కు ఎరుకైతది,
కంబం దగ్గరికొచ్చింది, కండ్లు దెర్వు అని."

రెండెందుకు?

"ఒకటి పేలితే అనుమానపడ్తడు.
రెండోది పేలితే నమ్ముతడు."

మరి మూడోది?

"మూడోది పెడితే దీపావళి అనుకుంటడు."

నాకు నవ్వు రాలేదు.
పోయిన నెల సిమ్యులేటర్‌లో
నూట పద్నాలుగు హెచ్చరికలు,
అందులో పదహారు ఉత్తవి.
పక్క దారిలో బుద్ధిగా నిలబడ్డ విమానాన్ని
రన్‌వే మీద ఉన్నట్టు పొరబడ్డ నా గొంతు.
పదిహేడోసారి అది నిజమే చెప్పింది.
కెప్టెన్ జునైద్ చెయ్యి
దాని నోరు మూసే మీట వైపు వెళ్లింది.
నిద్రలో ఇప్పటికీ ఆ చెయ్యి వస్తుంది,
గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్న చెయ్యి.

"నువ్వెప్పుడన్నా ఉత్తగ పెట్టినవా?"

బీడీ రాలిపోయేదాకా మాట్లాడలేదు.
"ఒక్కపారి. మంచు ఇడిసింది, నేను చూస్కోలె.
డేనియల్ దొర ఇంజన్ ఆపి దిగిండు.
'ఏం ఓదెలూ, సూర్యునికి పటాకీ కాలుస్తున్నవా?' అని
నా అమ్మను అక్కను తిట్టిండు."

అప్పుడేం చేసినవ్?

"ఏం జేస్త? మళ్ల రాత్రి మంచు వడ్డది.
మళ్ల పోయి కట్టిన."

తర్వాత ఆయనే అన్నాడు, చూద్దాం పా అని.
అడుగులు లెక్కపెట్టుకుంటూ మంచులోకి నడిచాడు.
నలభై దాకా వినిపించింది,
తర్వాత దగ్గు మాత్రమే,
తర్వాత అదీ లేదు.

లైటు వేసి స్కూటీ నడిపాను.
కింద గరిక చప్పుడు, టైరుకు పగుళ్లు తగిలే చప్పుడు.

ఒక చప్పట్టు.
ఎక్కడినుంచో తెలియలేదు. పక్షేమో అనుకున్నాను.

రెండోది.
నేననుకోకముందే వేళ్లు బ్రేకు పట్టాయి.

ముందు ఏమీ లేదు.
ఉత్త మంచు.
పదిహేడు అని నాలోపల ఎవరో లెక్కపెట్టారు.

అప్పుడు ఆ ఉత్త మంచులోంచి
తొందరేం లేకుండా, నెమరు ఆపకుండా,
ఒక బర్రె దాటింది.

"నీకు కనపడ్డదా ముందే?" అని అరిచాను.
"యేడ కనపడ్తది!" అన్నాడు పెద్దబాపు,
"డెబ్బైకి అచ్చినంక కొట్టిన, గంతే."

అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను:
మొదటిదానికీ రెండోదానికీ మధ్య
పది మీటర్లు.
చెమటకు అప్పటికే సున్నా చెరుగుతోంది.